నీలం బెల్టు నడుము కొలత

ఫిబ్రవరి 9
జిమ్ము పైగది

అక్కా,

బాక్సింగ్ శిబిరం మొదలైంది. నాన్న నా ఫోను లాక్కుని తన పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పోటీ అయ్యేదాకా ఉత్తరాలేనట. "మీరిద్దరూ ఫోనెత్తితే పదో మాటకల్లా ఎవరో ఒకరు ఠక్కున పెట్టేస్తారు. ఉత్తరాన్నయితే అలా పెట్టెయ్యలేరు" అన్నాడు. కాబట్టి కూర్చుని చివరిదాకా చదువు.

పోటీ ఖాయమైంది. ఏప్రిల్ మధ్యలో నాకూ, నీలం చాంపియన్ ఆ పొడుగుదానికీ. నా ఎర్ర బెల్టూ, దాని నీలం బెల్టూ రింగు పక్కన ఒకే బల్ల మీద పెడతారు. గెలిచినవాళ్ళకి రెండూ. మొన్న ఎదురింటి టైలరు నా బ్లౌజు కొలతలు తీసుకుంటూ, "ఇంతకీ మీ బరువులో అసలు చాంపియన్ ఎవరమ్మా? ఎర్ర బెల్టిచ్చే సంఘం నువ్వంటుంది, నీలం బెల్టిచ్చే సంఘం ఇంకో అమ్మాయంటుంది" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇకమీదట ఎవరూ అలా అడగక్కర్లేదు. ఒక్కతే ఉంటుంది, అది నేనే.

నీ మేకు ఇంకా అలాగే ఉంది, గోడ మధ్యలో. నీలం బెల్టు నీదై ఉన్నప్పుడు తగిలించిన మేకు. నాన్న దానికి దేన్నీ తగిలించనివ్వడు. ఒకరోజు నా తువ్వాలు వేస్తే తీసి నా ముఖం మీద విసిరాడు. నా ఎర్ర బెల్టుకి కిటికీ పక్కన వేరే మేకు కొట్టించాడు. ఎండకి తోలు వెలిసిపోతోందంటే వినడు. చూస్తూ ఉండు, నీ బెల్టు తెచ్చి నీ మేకుకి నేనే తగిలిస్తాను.

పోటీ రోజున రింగు మూల నుంచి సలహా చెప్పడానికి నువ్వు నా కార్నర్‌లో నిలబడాలి. నాన్న ఒక్కో రౌండుకి పది మాటలు అరుస్తాడు, ఒక్కటీ బుర్రకెక్కదు. నువ్వయితే ఒకటే చెబుతావు, అది ఉండిపోతుంది. సెలవు పెట్టి రా.

నీ తోక


ఫిబ్రవరి 21
వర్క్‌షాపు

తోకా,

నా వెనకే తిరుగుతున్నావని ఆ పేరు పెట్టాను. ఇప్పుడు ముందు నడుస్తూ కూడా అదే పేరుతో సంతకం పెడుతున్నావు. నన్ను దువ్వడానికని తెలుసులే.

"నీ బెల్టు తెస్తాను" అన్న చోట ఆగిపోయాను. నా బెల్టు నువ్వు తేవడమేమిటే? దాన్ని నేను కొట్టి తెచ్చుకున్నాను. కుడిచెయ్యి విరిగి, కట్టు కట్టుకుని మంచం మీద పడి ఉంటే, గడువులోగా పోటీ చెయ్యలేదని సంఘం పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని తీసేసుకున్నారు. ఒక్క దెబ్బ పడకుండా పోయింది. ఖాళీ అయిన కుర్చీలో పొడుగుది వచ్చి కూర్చుంది. ఇప్పుడు దాన్ని లేపి నువ్వు కూర్చుంటావు. అందులో నేను సంతోషించడానికి ఏముంది చెప్పు?

పేపర్లో నీ మాటలు కూడా చదివాను. నీలం బెల్టు నీకు "అదనంగా వచ్చే చిన్న బెల్టు" అట. మీ ఎర్ర సంఘం కొత్త చాంపియన్ వచ్చినప్పుడల్లా తళతళలాడే కొత్త బెల్టు చేయిస్తుంది. ఓడినవాళ్ళ దగ్గర పాతవి ఉండిపోతాయి. ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని ఎర్ర బెల్టులు వేలాడుతున్నాయో వాళ్ళకే తెలియదు. నీలం సంఘం పేదది, నిజమే. వాళ్ళకున్నది ఒకటే ఇత్తడి బిళ్ళ. చాంపియన్ మారినప్పుడల్లా అది మా వర్క్‌షాపుకి వస్తుంది. పాత తోలు విప్పేసి, కొత్తామె నడుముకి కొత్త తోలు కోసి కుడతాం. నా పొట్ట మీద ఉన్నదీ, పొడుగుదాని పొట్ట మీద ఉన్నదీ ఒకే బిళ్ళ. చిన్నదో పెద్దదో, ప్రపంచంలో అది ఒక్కటే ఉంది.

ఇక్కడ నా పని బాగానే ఉంది. సంచులు, గుర్రపు జీనులు, అప్పుడప్పుడు ఈ బెల్టులు. పోయిన వారం పొడుగుది కూడా వచ్చింది, బెల్టు టిచ్ బటన్ ఊడిందని. నేను కుడుతున్నంతసేపూ అద్దం ముందు గాల్లో గుద్దుతూ నిలబడింది. కుడిచెయ్యి విసిరే ముందు దాని ఎడమ మడమ లేస్తుంది. ప్రతిసారీ. కావాలంటే వాడుకో.

కార్నర్ సంగతి తర్వాత చూద్దాం. పని ఉంది.

అక్క


మార్చి 4
జిమ్ము పైగది

అక్కా,

నాకోసం రావడానికి పని ఉంది. పొడుగుదానితో ఫోటో దిగడానికి మాత్రం తీరిక దొరికింది. నాన్న తన ఫోనులో చూపించాడు. అది నీ భుజం మీద చెయ్యేసింది. నువ్వు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నావు. "మా అసలు చాంపియన్‌తో" అని కింద రాసింది. నా పక్కన నిలబడి దిగిన ఫోటోల్లో ఎప్పుడైనా అలా నవ్వావా? అన్నింట్లోనూ చేదు మందు మింగినదానిలా ఉంటావు.

ఆ మడమ సంగతి నాకు చేరవెయ్యమని అదే చెప్పిందా? నేను కిందకి చూస్తూ నిలబడితే పైనుంచి వాయించొచ్చని? నీ మీద ఇలాంటి అనుమానం రావడం నాకే అసహ్యంగా ఉంది. కానీ వచ్చింది, దాచను.

ఇక్కడ నా బతుకెలా ఉందో నీకు తెలియదు. నేను ఎడమచేత్తో జాబ్ గుద్దు విసిరితే నాన్న, "అదే పెద్దదాని ఎడమచెయ్యయితేనా" అంటాడు. ఎర్ర బెల్టు గెలిచిన రోజు కూడా తిరిగొచ్చేటప్పుడు కారులో దారి పొడుగునా నీ ఎడమచేతి గురించే చెప్పాడు. ఒళ్ళో నా బెల్టు పెట్టుకుని విన్నాను. నువ్వు లేకుండానే జిమ్మంతా నిండి ఉన్నావు. నేను పొద్దస్తమానం ఇక్కడే ఉండీ లేనట్టే. నాకు బెల్టుంటే నీకు కుళ్ళు. నాకేమో గోడ మీద ఖాళీ మేకుని చూస్తే కుళ్ళు. మనిద్దరిలో ఎవరి పరిస్థితి అన్యాయమో నువ్వే చెప్పు.

వస్తావా, రావా? ఒక్క ముక్కలో రాయి.

తోక


మార్చి 15
వర్క్‌షాపు

రాను.

నువ్వడిగిన ఒక్క ముక్క అదీ. మిగతాది నా కోపం కొద్దీ రాస్తున్నాను.

నాన్న నా గురించే మాట్లాడతాడని ఏడుస్తున్నావు. నాతో ఎవరు మాట్లాడుతున్నారే? ఆదివారం ఫోను చేసి, నీ బరువు ఎంత దిగిందో, నువ్వు ఎన్ని గుడ్లు తిన్నావో చెప్పి పెట్టేస్తాడు. నా చెయ్యెలా ఉందని అడిగి ఎన్నాళ్ళయిందో ఆయనకి గుర్తుండదు. చేతులకి ప్యాడ్‌లు తొడుక్కుని ఆయన నిలబడేది నీ ఎదురుగా. నువ్వు నీరసపడితే బకెట్టు పట్టుకుని పరిగెత్తేది నీకోసం. నా వాటాకి ఒక మేకు మిగిలింది. దాన్ని చూసి కూడా కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావు. కావాలంటే పీకేసుకో.

పొడుగుది మర్యాదగా మాట్లాడింది. నవ్వాను. నవ్వడానికి నీ అనుమతి తీసుకోవాలని తెలియదు.

మడమని నమ్మితే నమ్ము, లేకపోతే దెబ్బలు తిను. ఆ వారం నాకు వేరే చోట పని ఉంది. ఎక్కడని అడక్కు.

అక్క


ఏప్రిల్ 23
జిమ్ము పైగది

అక్కా,

గెలిచాను. టీవీలో చూసే ఉంటావు. చూడలేదని అబద్ధం రాయకు. నాన్న ఫోను తిరిగిచ్చాడు, నీకు చేశాను, నువ్వెత్తలేదు. అందుకని మళ్ళీ కాగితమే.

ఆరు రౌండ్లదాకా పొడుగుది నా కుడి డొక్కలోనే గుద్దింది. అలిసినప్పుడు నా కుడి మోచెయ్యి పైకి లేస్తుందని నీకూ నాన్నకీ తప్ప ఇంకెవరికి తెలుసు? స్టూలు మీద కూర్చున్నప్పుడల్లా నొప్పి కంటే నీ మీద కోపమే ఎక్కువైంది. ఫోటో దిగేటప్పుడు చెప్పేసి ఉంటావనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఏడో రౌండులో ఊపిరాడక, తల దించి కిందకి చూశాను. ఎడమ మడమ లేచింది. ఆలోచించకుండా పక్కకి జరిగాను. దాని కుడిచెయ్యి నా చెవి పక్కనుంచి పోయింది. మళ్ళీ లేచింది, మళ్ళీ జరిగాను. ఆ తర్వాత జరగడంతో ఆగకుండా కొట్టడం కూడా మొదలుపెట్టాను. తొమ్మిదో రౌండులో అది మోకాళ్ళ మీద కూలబడింది. లేచింది గానీ పాయింట్ల లెక్క మారిపోయింది. జడ్జీల్లో ఇద్దరు నాకిచ్చారు, ఒకడు దానికిచ్చాడు. వాడి కళ్ళెక్కడున్నాయో వాడికే తెలియాలి.

నీకు థాంక్స్ చెప్పడం లేదు. డొక్క సంగతి తేలేదాకా చెప్పను.

రెండు బెల్టులూ చెరో భుజం మీద వేసి ఫోటోలు తీశారు. తీసిన వెంటనే నీలందాన్ని లాగేసుకున్నారు, కొత్త తోలు కోసం మీ దగ్గరికి వస్తుందట. మర్నాడు సంఘం మనిషి వచ్చి నా నడుముకి టేపు పెట్టి కాగితం మీద రాసుకున్నాడు. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఆ బిళ్ళ భలే బరువు. దాని పక్కన నాది రేకులా ఉంది. పేపర్లో అలా వాగకుండా ఉండాల్సింది.

తోక


మే 7
వర్క్‌షాపు

తోకా,

చూశాను. ఫోను కావాలనే ఎత్తలేదు. ఎత్తితే ఏమంటానో నాకే నమ్మకం లేదు.

డొక్క గురించి నేనెవరికీ చెప్పలేదు. నీ మోచెయ్యి లేస్తుందన్న సంగతి టీవీ ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. దాన్ని ఇంటి రహస్యమనుకుంటున్నది నువ్వొక్కదానివే.

బిళ్ళ వచ్చింది. పాత తోలు విప్పి బల్ల మీద పెట్టుకున్నాను. అంచున సొట్ట అలాగే ఉంది. గెలిచిన రోజు స్నానాల గదిలో నా చేతిలోంచి జారి పడితే, నాన్నకి చెప్పేస్తానని బెదిరించి నా కొత్త బూట్లు కొట్టేశావు, గుర్తుందా? మా పాలిష్ చేసే ఆయన ఆ సొట్ట సాపు చేస్తానన్నాడు. ముట్టుకోవద్దన్నాను. 

నాకు కుళ్ళుగానే ఉంది. పోయిందని రాస్తే బాగుండును, పోలేదు. దారానికి మైనం పట్టిస్తూ నిన్ను తిట్టుకున్నాను. సూది దిగినప్పుడల్లా ఒక తిట్టు. కుట్టు మాత్రం ఎక్కడా వంకర పోలేదు, చూసుకో. తొమ్మిదో రౌండులో అది పడినప్పుడు కుర్చీలోంచి లేచి అరిచాను కూడా. కింద వాటావాళ్ళు ఏమైందోనని తలుపు కొట్టారు. ఎవరి కోసం అరిచానో నాకే తెలియలేదు.

బెల్టు వేరేగా పంపుతున్నాను. అందగానే రాయి.

అక్క


మే 20
జిమ్ము

అక్కా,

అందింది. ఫోటోగ్రాఫర్‌ని పిలిచాను. జిమ్ములో అందరూ చప్పట్లు కొట్టడానికి వరసగా నిలబడ్డారు. నాన్న వెనకనుంచి బటన్లు పెట్టబోయాడు. అందలేదు. బెత్తెడు తక్కువ! ఊపిరి బిగబట్టాను. నాన్న నా వీపుకి మోకాలు ఆనించి లాగాడు. ఫోటోగ్రాఫర్ కెమెరా వెనక దాక్కుని నవ్వాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చివరికి భుజం మీద వేసుకుని ఒక ఫోటో దిగి పంపించేశాను.

కొలత కాగితం మీకు వచ్చింది కదా? అది పక్కనే పెట్టుకుని తక్కువ కోశావంటే, పదిమందిలో నన్ను లావుదాన్ని చేసి నవ్వించడానికే. ఇంత ఓర్వలేనితనం పనికిరాదక్కా. బిళ్ళ నీదే అనుకో, నేను కాదనను. నడుము మాత్రం నాది.

రాయాలనుకున్నవి ఇంకా ఉన్నాయి. నోరు పారేసుకోవడం ఇష్టం లేక ఆపుతున్నాను.


మే 28
వర్క్‌షాపు

తోకా,

కాగితం చూడలేదు. అందులో కుట్ర ఏమీ లేదు.

మా దగ్గర కుట్టినవాళ్ళే బెల్టు తమ నడుముకి పెట్టి చూసుకుని బటన్ కొడతారు. వేరేవాళ్ళ కొలతయితే కాగితం చూసి, మా నడుముకంటే ఎంత ఎక్కువో తక్కువో లెక్క వేసుకుంటాం. నీ కొలత కోసం నేను కాగితం చూడటమేమిటి? ఒకే నిక్కరు మార్చి మార్చి వేసుకుని పెరిగాం. నా నడుముకి పెట్టుకున్నాను, సరిపోయింది, కొట్టేశాను. నిన్ను వెక్కిరించాలంటే నాకు నోరు లేదా, ఇంత తోలెందుకు పాడుచేస్తాను?

తిరిగి పంపు, సరిచేస్తాను.

అక్క


జూన్ 5
జిమ్ము పైగది

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట ఊరుకున్నాను. స్నానం చేస్తుంటే తట్టింది.

నీ నడుముకి సరిపోయిందా? కిందటేడు ఇక్కడికొచ్చినప్పుడు నా ప్యాంటు నీకు పట్టక పిన్నీసు పెట్టుకుని తిరిగావు. కూర్చుని కుట్టీ కుట్టీ ఇలా తయారయ్యానని నువ్వే నవ్వావు. ఇప్పుడు నాకు బెత్తెడు తక్కువైన బెల్టు నీకు సరిగ్గా సరిపోయిందంటే, అది కూర్చుని కుట్టేదాని నడుము కాదు. పోటీకి బరువు దించినదాని నడుము.

బెల్టు తీసి నాన్నకిచ్చాను. ఏమీ చెప్పకుండా టేపు కూడా ఇచ్చాను. కొలిచి, "పెద్దది చాంపియన్ అయిన రోజు కొలత ఇది" అన్నాడు. తర్వాత బెల్టు పట్టుకుని కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. 

చెయ్యి బాగైందా? ఏప్రిల్లో నువ్వు వెళ్ళిన "వేరే చోటు" డాక్టరు దగ్గరికేనా? మాకెందుకు చెప్పలేదు? నేను కార్నర్‌కి రమ్మని బతిమాలుతుంటే నువ్వు అక్కడ పరుగులు తీస్తున్నావా?

ఇంకో సంగతి. రెండు సంఘాలూ ఒకే వారంలో ఉత్తర్వులు పంపాయి. ఎర్రవాళ్ళు ఎవరో కొత్తమ్మాయితో తలపడమన్నారు. నీలంవాళ్ళు తాము చూపించినవాళ్ళతో తలపడాలన్నారు, ఎవరన్నది తర్వాత చెబుతారట. గడువులు రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఉన్న ఒక్క ఒంటితో రెండు చోట్ల ఎలా కొట్లాడను? ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. ఇంత కష్టపడి కలిపానా, అప్పుడే విడదీస్తున్నారు. నాన్న క్షణం ఆలోచించకుండా నీలం వదిలెయ్యమన్నాడు.

నిజం రాయి.

తోక


జూన్ 13
వర్క్‌షాపు

తోకా,

అవును. బాగైంది.

బెల్టు తీసుకున్న రోజునే నీలం సంఘం నాకు రాసిచ్చింది, నా చెయ్యి బాగైన రోజున, చాంపియన్ ఎవరైనా సరే, మొదటి అవకాశం నాదేనని. ఏప్రిల్లో డాక్టరు సరేనన్నాడు. వాళ్ళు నీకు చూపించబోయేది నన్నే.

పొడుగుదాన్ని కొట్టి నా బెల్టు తెచ్చుకోవాలని ఏడాదిగా తెల్లారకముందే లేచి పరిగెడుతున్నాను. పనయ్యాక, ఈ వీధి చివర గోదాములో ఒక సంచి వేలాడదీసుకుని గుద్దుతున్నాను. దాని మడమ లేవడం చూసిన రోజు పండగ చేసుకున్నాను, ఇక అది నా చేతిలో పడ్డట్టేనని. సరిగ్గా అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. మడమ సంగతి నీకెందుకు రాశానో నన్నడక్కు. పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి లోపలికి పెట్టి తీసుకోబోయాను కూడా, మణికట్టు దగ్గర ఇరుక్కుంది. ఆ ఒక్క ముక్కతో నువ్వు నా పోటీ గెలిచేశావు. ఇప్పుడర్థమైందా నా కుళ్ళెంతో?

చెప్పలేదెందుకంటే, చెబితే నాన్న ఆపేస్తాడు, నువ్వు జాలిపడతావు. రెండూ పడవు నాకు.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. నీలం వదిలెయ్. నీకు ఎర్రది ఉంది, పేపర్లూ టీవీలూ నెత్తిన పెట్టుకునేది అదే. నాకు ఇదొక్కటే. నువ్వు వదిలేస్తే ఖాళీ బెల్టుకి నాకూ పొడుగుదానికీ పోటీ పెడతారు. నీ మీద చెయ్యెత్తకుండానే నాది నాకొస్తుంది.

అక్క


జూన్ 26
జిమ్ము పైగది

అక్కా,

ఎర్రది వదిలేశాను. నిన్న సంతకం పెట్టి పంపించాను.

నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. పోటీలు ఏర్పాటు చేసే ఆయన ఫోనులో, "ఎర్రది వదిలి నీలం ఉంచుకున్నవాళ్ళని ఇంతవరకు చూడలేదు, మతి పోయిందా" అన్నాడు. పోనీ. అది రేకక్కా. ఇంకొకరు ఇంకో రేకు చేయించుకుంటారు.

నీలం వదలను. ఒకసారి దాన్ని నీ దగ్గర్నుంచి బల్ల చుట్టూ కూర్చుని తీశారు. ఇప్పుడు నేను బల్ల ముందు కూర్చుని సంతకం పెట్టి నీకిస్తే అదీ అలాంటిదే. తర్వాత నువ్వు పొడుగుదాన్ని కొట్టినా, "చెల్లెలు వదిలింది కాబట్టి" అంటారు. అది విని నువ్వు నన్ను చూసి జీవితాంతం కుళ్ళుకుంటావు. నేనూ తక్కువ తినలేదు. "పెద్దదాని చెయ్యి బాగుండి ఉంటే" అన్న మాట చచ్చేదాకా వినాలి. పొడుగుదాన్ని కొట్టొచ్చిన రోజు కూడా నాన్న కారులో అదే అన్నాడు. ఆ ఎడమచెయ్యి ఏమిటో నాకూ ఒకసారి చూపించు. నాకు దాని మీద ఎంత కసి ఉందో నీకు తెలియదు.

నాన్న ఈ పొద్దున నోరు విప్పాడు. "నేను ఏ కార్నర్‌లోనూ నిలబడను. గేటు దగ్గర కూర్చుని టికెట్లు చింపుతాను" అని, ప్రాక్టీసు కోసం నా చేతులకి కట్లు కట్టడానికి కూర్చున్నాడు. 

బెల్టు పంపుతున్నాను. నా కొలతకి సరిచెయ్యి, ఈసారి కాగితం చూసి. నీ కొలతలో కావాలంటే వచ్చి నా నడుము మీంచి తీసుకో.

నీ చెల్లెలు


జూలై 4
వర్క్‌షాపు

చెల్లీ,

నీ ఉత్తరం చదివితే ఒళ్ళు మండింది. మళ్ళీ చదివాను, ఇంకా మండింది. రింగులోకి దిగకముందే ఒకసారి గెలిచేశావు. ఎర్రది నా చేతిలో ఉండి ఉంటే నేను వదిలేదాన్ని కాదు. అది తెలిసి, అందుకు కూడా నీ మీద కుళ్ళుగానే ఉంది.

సంఘానికి సరేనని రాశాను. నాన్నకి ఫోను చేశాను. చెయ్యెలా ఉందని అడిగాడు. నీ మోచెయ్యి ఇంకా లేస్తోందని కూడా చెప్పాడు. దించు. అలా లేపి పెట్టుకుని నా ముందుకి రావద్దు.

బెల్టు సరిచేశాను. కాగితం చూసి, బెత్తెడు తోలు కలిపాను. అతుకు ఎక్కడుందో నువ్వు వెతికినా దొరకదు. నీ బటన్ కొత్తచోట కొట్టాను, గట్టిగా పట్టుకుంటుంది. ఆ ఫోటోగ్రాఫర్‌ని మళ్ళీ పిలుచుకో.

నా కొలతకి కొట్టిన పాత బటన్ మాత్రం పీకలేదు. నీదానికి బెత్తెడు ఇవతల అలాగే ఉంది. నువ్వు పెట్టుకున్నప్పుడు తోలు కింద ఉండిపోతుంది, ఎవరికీ కనపడదు. మళ్ళీ కొట్టుకునే పని ఎందుకని ఉంచాను.

అక్క